పాత ఇజ్రాయెల్ నోట్లు: ఏ కాలం నుంచి మొదలుపెట్టాలి?

పాత ఇజ్రాయెల్ నోట్లు సేకరించాలనుకునేవారు నోటును చూసి కాక కాలాన్ని చూసి మొదలుపెట్టాలని నా గట్టి అభిప్రాయం. 1927 నుంచి 1985 వరకు, అరవై ఏళ్లు కూడా నిండని వ్యవధిలో, ఆ నేల మీద డబ్బు పేరు మూడుసార్లు మారింది. పాలస్తీనా పౌండు పోయి ఇజ్రాయెల్ లీరా, లీరా పోయి షెకెల్, షెకెల్ పోయి కొత్త షెకెల్ వచ్చాయి. నోటు జారీ చేసే సంస్థ పేరు కూడా అన్నిసార్లే మారింది. ఈ మార్పులు తెలియకుండా దొరికిన నోటునల్లా కొంటూ పోతే ఆల్బమ్ నిండుతుంది కానీ ఒక నోటుకు మరో నోటుతో సంబంధం ఉండదు. ఒక కాలాన్నో ఒక దారాన్నో పట్టుకుని కొంటే, పది నోట్లు కూడా ఒక దేశం కథను చెబుతాయి.

ఎవరు ఏ దారి పట్టాలో తేల్చుకోవడానికి ఒక్కో కాలాన్ని పక్కపక్కన పెట్టి చూద్దాం. కొన్నింటి దగ్గర ఎక్కువ సేపు ఆగుతాను, ఎందుకంటే డబ్బు ఎక్కువ ఖర్చయ్యేదీ, ఎక్కువమంది తడబడేదీ అక్కడే.

బ్రిటిష్ కాలం నోట్లు: అందరూ కోరేవి, అందరూ మొదలుపెట్టకూడనివి

మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యం పాలస్తీనాను ఆక్రమించాక అక్కడ కొన్నేళ్లపాటు ఈజిప్టు పౌండు నడిచింది. తర్వాత లండన్‌లో పాలస్తీనా కరెన్సీ బోర్డు ఏర్పడింది. 1927 నవంబరులో సొంత నోట్లు బయటికి వచ్చాయి. పాలస్తీనా పౌండు విలువ బ్రిటిష్ పౌండుతో సమానం, ఒక పౌండుకు వెయ్యి మిల్స్. అచ్చు వేసింది లండన్‌లోని థామస్ డి లా రూ కంపెనీ.

ఊదా రంగు 500 మిల్స్ నోటు మీద బేత్లెహేము దగ్గరి రాహేలు సమాధి, ఆకుపచ్చ ఒక పౌండు నోటు మీద జెరూసలేంలోని ముస్లిం పుణ్యస్థలం డోమ్ ఆఫ్ ది రాక్, 5 పౌండ్ల నుంచి పై నోట్ల మీద రామ్లా పట్టణపు గోపురం ఉంటాయి. వెనక వైపు అన్నింటికీ జెరూసలేం కోటలోని దావీదు గోపురమే. ఇంగ్లీషు, అరబిక్, హీబ్రూ మూడు భాషలూ కనిపిస్తాయి. హీబ్రూలో పాలస్తీనా అన్న పేరు పక్కన రెండు చిన్న అక్షరాలు ఉంటాయి. అవి ఇజ్రాయెల్ దేశం అనే హీబ్రూ మాటకు పొడి అక్షరాలు. ఆ రెండు అక్షరాల మీద ఆనాడు పెద్ద వివాదమే నడిచింది. ఒకే నేల గురించి రెండు ప్రజల వాదన ఒక కాగితం ముక్క మీద ఇంత స్పష్టంగా కనిపించే నోట్లు అరుదు.

ఈ నోట్లు అంత తక్కువగా మిగలడానికి కారణం చాలా సూటిగా ఉంది. వాటి వెనక నిజమైన స్టెర్లింగ్, అంటే బ్రిటిష్ పౌండు, విలువ ఉంది. బ్రిటిష్ పాలన ముగిశాక ఆ నోట్లను తిరిగి ఇచ్చి విలువ తీసుకునే వీలు ఉండింది. ఒక పౌండు అంటే చిన్న మొత్తం కాదు కాబట్టి ఎవరూ జ్ఞాపకార్థం దాచుకోలేదు. వంద పౌండ్ల నోటు సంగతి చెప్పనే అక్కర్లేదు. అది సామాన్యుడి చేతికి వచ్చే నోటే కాదు, ఇవాళ సేకర్తల దగ్గర వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే ఉన్నాయి. వేలంలో అది కనిపించిందంటే పలికేది చాలా పెద్ద మొత్తమే.

తేదీలు కూడా ధరను మారుస్తాయి. 1927 సెప్టెంబరు, 1929 సెప్టెంబరు తేదీలున్న నోట్లు కష్టం మీద దొరుకుతాయి. 1939 ఏప్రిల్ 20 తేదీ ఉన్న నోట్లు తక్కినవాటికంటే సులువుగా దొరుకుతాయి. ఈ కాలం నుంచి ఒక్క నోటు చాలనుకుంటే 1939 నాటి ఒక పౌండు తీసుకోండి. అదే ముఖవిలువకు 1927 తేదీ కోసం ఎన్నో రెట్లు పెట్టడం రెండో దశలో చేయవలసిన పని.

కొత్తవారిని ఈ కాలంతో మొదలుపెట్టవద్దని ఎందుకు అంటున్నానంటే, నకళ్లు ఎక్కువగా తిరిగేది ఇక్కడే. అందంగా అచ్చువేసిన నమూనా ప్రతులు జ్ఞాపికలుగా అమ్ముడవుతుంటాయి. అవి చేతులు మారి మారి చివరికి అసలువిగా అమ్మకానికి వస్తాయి. ఇంకో ఇబ్బంది, అరిగిన నోట్లకు కూడా పదుల వేల రూపాయల్లో ధర చెబుతారు. మంచి నోటును, ఉతికి నొక్కిన నోటును వేరు చేయగల కన్ను రాకముందే అంత డబ్బు పెట్టడం తగదు. ఆ కన్ను చవక నోట్ల మీదే అలవడాలి.

1948, 1952: ఒకే అచ్చు, రెండు కథలు

నాకు అన్నింటికన్నా ఇష్టమైన నోట్లు ఇవి. 1948 మొదట్లో బ్రిటిష్‌వారు వెళ్లిపోతారని తెలుసు. రాబోయే దేశానికి పేరు ఇంకా పెట్టలేదు, దాని డబ్బుకూ పేరు లేదు. ఫిబ్రవరిలో బ్రిటన్ పాలస్తీనాను స్టెర్లింగ్ ప్రాంతం నుంచి, అంటే బ్రిటిష్ పౌండుకు ముడిపడిన దేశాల కూటమి నుంచి, తొలగించింది. అలాంటి రోజుల్లో ఆంగ్లో-పాలస్తీనా బ్యాంకు తరఫున దాని అధిపతి సీగ్‌ఫ్రీడ్ హూఫీన్ న్యూయార్క్‌లోని అమెరికన్ బ్యాంక్ నోట్ కంపెనీకి నోట్ల అచ్చు పని అప్పగించారు. పుట్టని దేశానికి నోట్లు అచ్చు వేస్తున్నామని కంపెనీకి తెలుసు. అందుకే వాటి మీద తన పేరు వేసుకోలేదు. ‘చట్టబద్ధమైన చెల్లింపు’ అన్న మాట వాడే వీలూ లేదు. ఏ ఖాతాలోనైనా చెల్లింపు కింద ఈ నోటును బ్యాంకు స్వీకరిస్తుంది అన్న అర్థం వచ్చే వాక్యం మాత్రమే వేశారు. బొమ్మలు గీయించే సమయం లేదు. కంపెనీ దగ్గర సిద్ధంగా ఉన్న గీతల అల్లికలతోనే సరిపెట్టారు.

అందుకే ఈ నోట్ల మీద మనిషి లేడు, ఊరు లేదు, చిహ్నం లేదు. చూడగానే బోసిగా అనిపిస్తాయి. ఆ బోసితనమే వాటి చరిత్ర. 1948 ఆగస్టు 18న ఇవి చెలామణిలోకి వచ్చేసరికి దేశానికి పేరు వచ్చి మూడు నెలలు దాటింది, నోటు మీద మాత్రం పాత పేరే ఉంది. 500 మిల్స్, 1, 5, 10, 50 పౌండ్ల విలువల్లో వచ్చాయి. నోటు మీద తేదీ ఉండదు. అమ్మేవారు 1948 అని రాస్తే అది బ్యాంకు పేరును బట్టి చెప్పిన సంవత్సరమే.

ఆ బ్యాంకు 1951లో పేరు మార్చుకుని బ్యాంక్ లెయుమి అయింది. 1952 జూన్ 9న కొత్త పేరుతో, కొత్త రంగులతో నోట్లు వచ్చాయి. ఈసారి డబ్బు పేరు ఇజ్రాయెల్ లీరా, చిల్లర పేరు ప్రూటా. ఆ మార్పు కేవలం పేరు మార్పు కాదు. పాత నోట్లను మార్చుకోవడానికి జనానికి రెండు వారాలు ఇచ్చారు, మార్చినప్పుడు పదో వంతును ప్రభుత్వం నిర్బంధ రుణంగా పట్టుకుంది. జూన్ 23తో ఆంగ్లో-పాలస్తీనా నోట్లు చెల్లకుండా పోయాయి. ఆ గడువు దాటి ఎవరి పెట్టెలోనో మిగిలిపోయిన నోట్లే ఇవాళ మన దాకా వస్తున్నాయి.

రెంటిలో ఏది కొనాలి? పుట్టుక కథ కావాలంటే ఆంగ్లో-పాలస్తీనా ఒక పౌండు. నీలి రంగు నోటు, ఈ వరుసలో సులువుగా దొరికేది అదే. మధ్యస్థ స్థితిలో ఉన్నది కొనండి, రెండు మూడు మడతలు ఉన్నా ఫర్వాలేదు. లెయుమి నోట్లను మాత్రం ఆంగ్లో-పాలస్తీనా జోడీ ఉన్నవారే కొనడం మంచిది. విడిగా చూస్తే అవి ఏమీ చెప్పవు. పక్కపక్కన పెట్టినప్పుడే ఒకే అల్లికలో బ్యాంకు పేరు, డబ్బు పేరు, రంగు ఎలా మారాయో కనిపిస్తుంది. రెండు వరుసల్లోనూ 50 విలువ నోటు ఖరీదైనది. వరుస పూర్తి చేయాలన్న పట్టుదలతో అప్పు చేసి దాని వెంట పడవద్దు.

ఇదే కాలంలో ప్రభుత్వమే నేరుగా చిల్లర నోట్లు ఇచ్చింది. నాణేలు చాలక 50, 100 మిల్స్, ఆపైన 50, 100, 250 ప్రూటా కాగితాలు వచ్చాయి. చిన్నవి, సాదా అచ్చు. వీటిలో ఆసక్తి అంతా సంతకాలదే. ఆర్థిక మంత్రులు ఎలియెజర్ కాప్లాన్, ఆయన తర్వాత లెవీ ఎష్కోల్ సంతకాలు వాటి మీద ఉన్నాయి. ఎష్కోల్ తర్వాత ప్రధానమంత్రి అయ్యారు, ఈ సంతకాలు పెట్టిన ముప్ఫై ఏళ్ల తర్వాత ఆయన ముఖమే నోటెక్కింది. సంతకాల తేడాలు వెతికే ఓపిక ఉన్నవారికి తక్కువ డబ్బుతో చాలా పని దొరికే మూల ఇది.

1955కా, 1958కా?

ఎక్కువమందికి అసలు ఎంపిక ఇక్కడే. ధర అందుబాటులో ఉంటుంది, నోట్లు అందంగా ఉంటాయి, పూర్తి వరుస కూర్చగలమన్న ఆశ ఉంటుంది.

బ్యాంక్ ఆఫ్ ఇజ్రాయెల్ 1954 డిసెంబరు 1న మొదలైంది. మొదటి గవర్నరు డేవిడ్ హొరోవిట్జ్. దాని మొదటి వరుస నోట్ల మీద 1955 అని ఉంటుంది. ప్రకృతి దృశ్యాలే వాటి విషయం, మనుషులు లేరు. 500 ప్రూటా మీద గలిలయలోని బరామ్ ప్రాచీన సమాజమందిర (యూదుల ప్రార్థనాలయ) శిథిలం, ఒక లీరా మీద ఎగువ గలిలయ కొండలు, 5 లీరాల మీద దున్నిన నెగెవ్ నేల, ట్రాక్టరు, 10 లీరాల మీద యెజ్రెయేలు లోయ, 50 మీద జెరూసలేం వెళ్లే దారి. పై మూలన పువ్వులు. వెనక వైపు ఆకారం లేని అల్లికలు. డి లా రూ పనితనం కాబట్టి రంగులు మెత్తగా, ఒకదానిలో ఒకటి కరిగినట్టు ఉంటాయి. అచ్చు అందం మాత్రమే కొలిస్తే నేను ఈ వరుసకే ఓటు వేస్తాను.

1958 వరుస దీనికి పూర్తిగా ఎదురు దిక్కు. ఇక్కడ మనుషులే విషయం, అందులోనూ పేరున్నవారు ఎవరూ కాదు. అర లీరా మీద నారింజల బుట్ట పట్టుకున్న యువతి. సైన్యంలో ఉంటూ సేద్యం చేసే నహాల్ దళానికి చెందిన అమ్మాయి ఆమె. ఒక లీరా మీద వల, లంగరు మోస్తున్న జాలరి. 5 లీరాల మీద సుత్తి పట్టిన కార్మికుడు, వెనక కర్మాగారం. 10 లీరాల మీద ప్రయోగశాలలో శాస్త్రవేత్త. 1960 తేదీతో వచ్చిన 50 లీరాల మీద యువతీ యువకులు, వెనక సేద్యపు ఊరు.

నోటు తిప్పితే అసలు ఆలోచన బోధపడుతుంది. ప్రతి నోటుకూ ముందు వైపు ఆనాటి శ్రమ, వెనక వైపు ఆ నేలలో బయటపడిన ప్రాచీన వస్తువో కట్టడమో. అర లీరా వెనక జెరూసలేంలోని సన్హెద్రిను (ప్రాచీన యూదుల న్యాయసభ) సమాధి, జాలరి వెనక ఇస్ఫియా సమాజమందిరపు నేల మీది రంగురాళ్ల బొమ్మ, 50 లీరాల వెనక నిరీమ్ దగ్గర బయటపడిన సమాజమందిరపు నేల మీది రంగురాళ్ల దీపస్తంభం బొమ్మ. కార్మికుడి వెనక గర్జించే సింహం ఉన్న షెమా ముద్ర. 1904లో మెగిద్దో తవ్వకాల్లో దొరికిన ఆ ముద్ర మీద ‘యరొబాము సేవకుడు షెమా’ అని ఉంది. అసలు ముద్రను ఇస్తాంబుల్ పంపాక అది కనిపించకుండా పోయింది, బొమ్మ నోటు మీద మిగిలింది. శాస్త్రవేత్త వెనక మృత సముద్ర తీరంలో దొరికిన యెషయా గ్రంథపు చుట్ట. 1940ల చివర దొరికిన ప్రాచీన గ్రంథాన్ని పదేళ్లు తిరిగేసరికి డబ్బు మీదికి ఎక్కించారు. తెలుగు బైబిలు చదువుకున్న ఇంట్లో పెరిగినవారికి ఈ పేర్లు వివరించనక్కర్లేదు. వారికి ఈ వరుస మరింత దగ్గరవుతుంది.

ఈ నోట్లను వెలుతురుకు పట్టి చూడండి. అర లీరా నీటిగుర్తులో ఆ అమ్మాయి ముఖమే మళ్లీ కనబడుతుంది.

నా సలహా సూటిగా చెబుతాను. మొదటి పూర్తి వరుసగా 1958ని ఎంచుకోండి. ఐదే నోట్లు. చెలామణికి వెళ్లని కొత్త నోట్లు ఇప్పటికీ దొరుకుతాయి, చిన్న విలువలైతే కొన్ని వందల రూపాయల్లోనే. ముందూ వెనకా కలిసి ఒక వాదన వినిపించే వరుస ఇంకొకటి లేదు. 1955 వరుస కొత్త స్థితిలో కావాలంటే ధర బాగా పెరుగుతుంది, మడతలు పడితే ఆ మెత్తని రంగుల అందమే పోతుంది. అరిగిన ప్రకృతి దృశ్యంలో చూడడానికి ఏమీ మిగలదు. అరిగిన జాలరి మాత్రం జాలరిగానే ఉంటాడు. అందుకే 1955 నోట్లను కొంటే మంచి స్థితిలో ఒకటో రెండో కొనండి, నా ఎంపిక 10 లీరాల యెజ్రెయేలు లోయ.

1958లో ఇంకో సౌకర్యం ఉంది. కొన్ని విలువలకు క్రమసంఖ్య నలుపు, ఎరుపు, గోధుమ వంటి వేర్వేరు రంగుల్లో వచ్చింది. ఒక లీరాకు మూడు రంగులు, 50 లీరాలకు అంతకన్నా ఎక్కువ. ఐదు నోట్లు చేతికి వచ్చాక ఆసక్తి తగ్గకపోతే ఈ రంగుల వెంట వెళ్లవచ్చు. కేటలాగుల్లో వీటికి విడి అక్షరాలు ఇస్తారు, ధరల్లో తేడా కూడా ఉంటుంది. కొనేముందు అమ్మేవారిని క్రమసంఖ్య రంగు అడగండి. ఫొటోలో గోధుమ రంగు ఎరుపులా కనిపించడం మామూలే.

ముఖాల కాలం: 1968, 1973

తర్వాతి వరుసల్లో పేరున్న మనుషులు వచ్చారు. 1968 తేదీ ఉన్న నోట్లలో 5 లీరాల మీద ఆల్బర్ట్ ఐన్‌స్టీన్, 10 మీద కవి బియాలిక్, 50 మీద మొదటి అధ్యక్షుడు హైమ్ వైజ్‌మన్, 100 మీద యూదులకు సొంత దేశం కోసం ఉద్యమం నడిపిన థియోడర్ హెర్జల్. వైజ్‌మన్ 1952లో చనిపోయాక అధ్యక్ష పదవి తీసుకోమని ఐన్‌స్టీన్‌ను అడిగారు, ఆయన వద్దన్నారు. పదవి ఒప్పుకోని మనిషి, పదవిలో ఉన్న మనిషి ఒకే వరుసలో చేరడం నాకు బాగా నచ్చుతుంది. నాలుగు నోట్లలో ఒక్కటే కొనాలంటే చాలామందిలాగే నేనూ ఐన్‌స్టీన్ నోటే చెబుతాను. వెనక వైపు సొరేక్ అణు రియాక్టరు ఉంటుంది.

1973 తేదీ ఉన్న వరుస అచ్చులో దీనికన్నా సాదాగా ఉంటుంది, కానీ సేకర్తకు ఇచ్చే అవకాశం ఎక్కువ. ముందు వైపు ముఖం, వెనక వైపు జెరూసలేం పాత నగరపు ద్వారం. సంఘసేవకురాలు హెన్రియెటా సోల్డ్ 5 లీరాల వెనక సింహద్వారం, దాత మోజెస్ మాంటెఫియోరె 10 లీరాల వెనక యాఫా ద్వారం, వైజ్‌మన్ 50 వెనక దమస్కు ద్వారం, హెర్జల్ 100 వెనక సీయోను ద్వారం, 1975 తేదీతో వచ్చిన మొదటి ప్రధాని బెన్-గురియన్ 500 వెనక మూసివేసిన సువర్ణ ద్వారం. 1979 తేదీతో వచ్చిన, యూదు ఉద్యమ నాయకుడు జబోటిన్‌స్కీ ఉన్న 100 షెకెల్ నోటు వెనక హేరోదు ద్వారం. పాత నగరానికి ఉన్న ఎనిమిది ద్వారాల్లో ఆరు ఇలా కాగితం మీదికి వచ్చాయి.

జెరూసలేం యాత్ర చేసివచ్చిన తెలుగు కుటుంబాలకు, అక్కడ వృద్ధుల సంరక్షణ పనుల్లో ఉన్నవారికి ఈ ఆరు నోట్ల సేకరణ కన్నా తగినది నాకు కనబడదు. వారు నడిచిన ద్వారాలే ఇవి. ఖరీదు కూడా పెద్దగా ఉండదు, ఆరూ కొత్త స్థితిలో తెచ్చుకోవచ్చు. యాత్ర నుంచి వచ్చేవారు జేబులో తెచ్చే 20 షెకెళ్ల నోటు ఈ లెక్కలోకి రాదు. అది బహుమతిగా బాగుంటుంది, పాత నోటుగా దానికి ఇంకా వయసు రాలేదు.

సున్నాలు రాలిన నోట్లు

1980 ఫిబ్రవరి 24న లీరా పోయి షెకెల్ వచ్చింది, 10 లీరాలకు ఒక షెకెల్. కొత్త నోట్ల మీద 1978 తేదీ ఉంది, ఎందుకంటే ఈ మార్పును రహస్యంగా ముందే సిద్ధం చేశారు. బొమ్మలు మాత్రం పాతవే. 10 లీరాల మాంటెఫియోరె ఒక షెకెల్ అయ్యాడు, 50 లీరాల వైజ్‌మన్ 5 షెకెళ్లు, 100 లీరాల హెర్జల్ 10, 500 లీరాల బెన్-గురియన్ 50.

ధరలు ఆగలేదు. 1984లో ద్రవ్యోల్బణం ఏడాదికి 400 శాతం దాటింది. దాత రాత్‌షీల్డ్ ఉన్న 500 షెకెళ్లు, మధ్యయుగపు యూదు తత్వవేత్త మైమోనిడిస్ ఉన్న 1,000, ఎష్కోల్ ఉన్న 5,000, మాజీ ప్రధాని గోల్డా మేయర్ ఉన్న 10,000 నోట్లు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. 1985 సెప్టెంబరులో వెయ్యి షెకెళ్లకు ఒక కొత్త షెకెల్ లెక్కన మరో మూడు సున్నాలు తీసేశారు. మైమోనిడిస్ ఒక కొత్త షెకెల్ మీదికి, ఎష్కోల్ 5 మీదికి, గోల్డా మేయర్ 10 మీదికి దిగారు. పదివేల నోటు మీద ఉన్న ముఖమే ఏడాది తిరక్కుండా పది మీద కనబడింది.

ఇక్కడ వరుస వారీగా కాక జంటలుగా కొనమంటాను. లీరా-షెకెల్ జంటలు నాలుగు, షెకెల్-కొత్త షెకెల్ జంటలు మూడు, మొత్తం పద్నాలుగు నోట్లు. అన్నీ చవకే, అన్నీ విరివిగా దొరికేవే. ప్రతి జంటనూ ఒకే పేజీలో పైనా కిందా పెట్టండి. ద్రవ్యోల్బణం గురించి పిల్లలకు చెప్పాలంటే ఇంతకన్నా మంచి సాధనం దొరకదు. గోల్డా మేయర్ నోటు వెనక వైపు కూడా చూడండి. 1948లో ఆమె మాస్కో సమాజమందిరానికి వెళ్లినప్పుడు చుట్టుముట్టిన జనం అక్కడ కనిపిస్తారు.

ఈ నోట్లలో స్థితి విషయంలో రాజీ పడవద్దు. కొత్తది కొన్ని వందల్లో దొరుకుతుంటే నలిగినది కొనడానికి కారణమే లేదు. 1948 నోటుకు దీనికి సరిగ్గా వ్యతిరేకం. అక్కడ చేతులు మారిన గుర్తులు నోటు చరిత్రలో భాగం, మచ్చలేని నోటు కోసం ఎన్నో రెట్లు పెట్టడం కన్నా నిజాయితీగా అరిగినది మేలు.

ఒక పౌండు దారం

కొంచెం ఎక్కువ ఖర్చు పెట్టగలిగేవారికి ఇంకో మార్గం ఉంది. వరుసలు పక్కన పెట్టి ఒకే విలువను పట్టుకోండి. 1939 నాటి డోమ్ ఆఫ్ ది రాక్ ఒక పౌండు, న్యూయార్క్ అచ్చు ఆంగ్లో-పాలస్తీనా ఒక పౌండు, బ్యాంక్ లెయుమి ఒక లీరా, 1955 నాటి ఎగువ గలిలయ ఒక లీరా, 1958 నాటి జాలరి ఒక లీరా. ఐదు నోట్లు, ఇరవై ఏళ్లు, నాలుగు పేర్లతో జారీ చేసిన సంస్థలు. లండన్ నుంచి నడిచిన పాలన, పేరు లేని దేశం, నిర్బంధ రుణం, కొత్త కేంద్ర బ్యాంకు, పని చేసే మనిషి వరసగా కనబడతాయి. ఖర్చంతా మొదటి నోటు మీదే పడుతుంది కాబట్టి దాన్ని చివర కొనండి. తక్కిన నాలుగూ కొనేసరికి కాగితం, అచ్చు, మడత మీ వేళ్లకు పరిచయమవుతాయి.

కొనేటప్పుడు

మన పాత రూపాయి నోట్లు సేకరించేవారికి పిన్ను రంధ్రాలు అలవాటే. మన బ్యాంకులు కట్టలకు పిన్నులు కొట్టేవి కాబట్టి కొత్త నోటుకు కూడా రంధ్రం ఉంటే సర్దుకుంటాం. ఆ సర్దుబాటు ఇక్కడ పనికిరాదు. ఇజ్రాయెల్ నోటుకు రంధ్రం ఉంటే దాన్ని లోపంగా లెక్కించి ధర తగ్గించమనండి.

ఉతికి నొక్కిన నోట్లు పెద్ద బెడద. ముఖం మెరుస్తుంటుంది, కానీ అచ్చు గరుకుదనం వేలికి తగలదు, అంచులు మెత్తబడి ఉంటాయి. ఏటవాలుగా వెలుతురు వేసి చూస్తే నొక్కేసిన మడత గీతలా బయటపడుతుంది. అతినీల లోహిత దీపం కింద పాత నోటు కాగితం నీలంగా వెలిగిపోతుంటే అది తర్వాతి కాలపు కాగితమో, సబ్బు తగిలిన కాగితమో అయివుండాలి. చిన్న టార్చి, భూతద్దం లేకుండా నాణేల ప్రదర్శనకు వెళ్లవద్దు.

స్థితిని 70 అంకెల కొలతలో నిర్ణయించి, ప్లాస్టిక్ కవచంలో మూసి ఇచ్చే సంస్థలు ఉన్నాయి. బ్రిటిష్ కాలం నోట్లు కొంటే అలాంటి కవచంలో ఉన్నవే కొనండి, ఆ అదనపు ఖర్చు బీమా వంటిది. 1958 నోట్లకూ సున్నాలు రాలిన జంటలకూ అది అనవసరం. నోటు ధరకన్నా కవచం ధర ఎక్కువవుతుంది, పైగా వేలితో తాకి నేర్చుకునే అవకాశం పోతుంది.

కేటలాగులో పిక్ నంబరు అనే వరుస సంఖ్య ప్రతి నోటుకూ ఉంటుంది. హీబ్రూ రాకపోయినా ఆ నంబరు చెప్పి అడిగితే పొరపాటు జరగదు. బ్యాంక్ ఆఫ్ ఇజ్రాయెల్ నోట్ల మీద హీబ్రూ సంవత్సరంతోపాటు మనకు తెలిసిన అంకెల్లో సంవత్సరం కూడా ఉంటుంది. ఆ సంవత్సరం చెలామణిలోకి వచ్చిన సంవత్సరం కాకపోవచ్చు. 1968 తేదీ ఉన్న ఐన్‌స్టీన్ నోటు జనం చేతికి వచ్చింది 1972లో.

కోస్తా ఊళ్లలో ఉండేవారు నిల్వ విషయంలో మరింత జాగ్రత్త పడాలి. మెత్తగా, వాసన వచ్చే ప్లాస్టిక్ ఆల్బమ్‌లలో పెడితే ఏళ్ల తరబడి రసాయనం కారి నోటు జిగటగా మారుతుంది. పాలిస్టర్ కవర్లు అడిగి కొనండి, పెట్టెలో తేమ పీల్చే సిలికా సంచులు వేసి వానాకాలం ముందు మార్చండి. లామినేషన్, టేపు, జిగురు దగ్గరికి రానివ్వకండి.

విదేశాల నుంచి తెప్పించుకుంటే తపాలా ఖర్చు, కస్టమ్స్ సుంకం చవక నోటు ధరను మించిపోవచ్చు. అందుకే జంటల సేకరణ మొదలుపెట్టేవారు పద్నాలుగు నోట్లూ ఉన్న ఒకే అమ్మకందారును వెతికి ఒకే పార్సిలుగా తెప్పించుకోవడం లాభం. ఆంగ్లో-పాలస్తీనా పౌండు వంటి నోటును మాత్రం ఒక్కదాన్నే, ముందూ వెనకా స్పష్టమైన ఫొటోలు, వెలుతురుకు పట్టి తీసిన ఇంకో ఫొటో చూశాకే కొనండి. ఫొటో పంపడానికి వెనకాడే వ్యక్తి దగ్గర కొనవద్దు.